కాలానికి ఒక్క రూలు మారిస్తే చాలు

రేవతి కథ మనలో చాలామందికి ఎంతో కొంత తెలుసు, బలరాముడి భార్య అనో, బ్రహ్మలోకానికి వెళ్ళొచ్చేసరికి యుగాలు గడిచిపోయాయనో ఎక్కడో ఒకచోట విన్నదే. కానీ దాన్ని పురాణంలా కాకుండా, కాలం గురించి ఎవరో బాగా కూర్చుని ఆలోచించి రాసిన కథలా ఒకసారి చదివి చూడండి, నాకైతే ఇప్పటి సైన్స్ ఫిక్షన్‌లో సగం దానికి కొనసాగింపులాగే కనిపిస్తుంది.

భాగవతంలో తొమ్మిదో స్కంధంలో వస్తుంది ఇది. కుశస్థలి అని సముద్రంలో కట్టుకున్న పట్నం, దాని రాజు కకుద్మి, ఆయన కూతురు రేవతి. పిల్లకి సంబంధాలు చూస్తున్నాడు, మనసులో కొంతమంది పెళ్ళికొడుకులు ఉన్నారు కానీ ఎవరికివ్వాలో తేలట్లేదు, సరే ఏకంగా బ్రహ్మనే అడిగేద్దాం అని కూతుర్ని వెంటబెట్టుకుని పైకి వెళ్ళాడు. వెళ్ళేసరికి అక్కడ గంధర్వులు పాడుతున్నారు. పాట మధ్యలో మన గోల ఏం చెప్తాం, అయ్యాక అడుగుదాం అని ఒక్క క్షణం ఆగాడు. అంతే, ఆయన చేసిందల్లా అదే. పాట అయిపోయాక నమస్కారం పెట్టి విషయం చెప్తే బ్రహ్మ నవ్వేశాడు, నువ్వు అనుకున్న వాళ్ళంతా ఎప్పుడో పోయారయ్యా, వాళ్ళే కాదు, వాళ్ళ కొడుకులు మనవళ్ళు మునిమనవళ్ళ పేర్లు కూడా ఇప్పుడు వినపడవు, వాళ్ళ గోత్రాలు కూడా లేవు, నువ్వు ఇక్కడికొచ్చాక 27 మహాయుగాలు అయిపోయాయి అన్నాడు. ఒక మహాయుగం అంటే 43,20,000 ఏళ్ళు కాబట్టి మొత్తం 11,66,40,000 ఏళ్ళు, ఒక పాట వినేంత సేపట్లో.

ఆ పెద్ద అంకె కంటే నన్ను పట్టుకునేది ఆ గోత్రాల మాట. పెళ్ళి సంబంధం కోసం వెళ్ళిన తండ్రికి చెప్పాల్సిన మాట అదే కదా, వరుడు లేడు అనడం కాదు, గోత్రమే లేదు అనడం. రాసినాయనకి తెలుసు, కాలం ఎంత గడిచిందో అంకెల్లో చెప్తే మనకి ఎక్కదని, అడగటానికి వెళ్ళిన ప్రశ్నకే అర్థం లేకుండా పోయిందంటే ఎక్కుతుందని. విష్ణుపురాణంలో ఇంకో ముక్క కూడా ఉంది, రేవతి పాత యుగం మనిషి కాబట్టి ఇప్పటి వాళ్ళ పక్కన మరీ పొడుగ్గా ఉందట, బలరాముడు నాగలి కొనతో ఆమెని తగ్గించాడట. కాలం మారితే ఊళ్ళే కాదు, మనుషుల ఎత్తులు కూడా మారిపోతాయి అని ఆలోచించడం మామూలు విషయం కాదు.

ఈ మధ్య అమ్మకి ఫోన్లో ఈ కథ గురించి ఏదో చెప్తుంటే మధ్యలో ఆపి "అది సరేరా, మరి ఆ పిల్ల తల్లి ఏమైంది?" అంది. తెలీదమ్మా, నేను చదివిన దాంట్లో లేదు అన్నా. "ఎందుకుండదూ, మొగుడూ కూతురూ చెప్పా పెట్టకుండా వెళ్ళిపోతే ఆవిడ గుమ్మంలో నుంచుని ఎన్నాళ్ళు చూసిందో" అంది. ఆ తర్వాత నాకు ఈ రకం కథలన్నీ ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చి, అన్నిట్లో వెళ్ళినవాళ్ళ వైపు నుంచే చూశాం కదా, ఉండిపోయినవాళ్ళ వైపు నుంచి చూస్తే ఎలా ఉంటాయి అని ఆలోచన పట్టుకుంది, ఈ పోస్టు దానికోసమే.

ఇంటర్‌స్టెల్లార్ సినిమా తీసుకోండి. బ్లాక్‌హోల్ దగ్గర, అంటే వెలుగుని కూడా బయటికి పోనివ్వనంత గట్టిగా లాగేసుకునే దాని దగ్గర, ఉన్న నీళ్ళ గ్రహం మీద ఒక గంట అంటే భూమి మీద ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళ లెక్క డైరెక్టర్ పట్టుబట్టి అడిగాడని, దానికోసం ఆ బ్లాక్‌హోల్ తిరగగలిగినంత వేగంగా, దాదాపు చివరి హద్దు దాకా తిరుగుతుంటేనే కుదురుతుందని లెక్క కట్టానని ఫిజిక్స్ సలహాదారుగా ఉన్న కిప్ థార్న్ రాశాడు, 2017లో నోబెల్ వచ్చిన ఆయనే. సినిమా చూసిన వాళ్ళందరికీ గుర్తుండేది హీరో కూపర్, కూతుర్ని ఇంట్లో వదిలి అంతరిక్షంలోకి వెళ్ళినవాడు, ఆ గ్రహం నుంచి ఓడకి తిరిగొచ్చి 23 ఏళ్ళ వీడియో మెసేజీలు వరసగా చూస్తూ ఏడ్చే సీను. బాగుంటుంది, కాదనను. కానీ ఆ సీనుకి ముందు ఓడ తలుపు తెరుచుకోగానే అక్కడ నిలబడి ఉంటాడు చూడండి రోమిలీ, గ్రహం మీదకి దిగకుండా ఓడలోనే ఉండిపోయిన తోటి వ్యోమగామి, గడ్డం నెరిసిపోయి, మాట తడబడుతూ. వీళ్ళకి కొన్ని గంటలు, అతనికి 23 ఏళ్ళు, ఒక్కడే ఆ ఓడలో. మధ్యలో కొన్నిసార్లు నిద్రలోకి వెళ్ళొచ్చాడు గానీ బతుకంతా నిద్రపోతూ గడపడం ఇష్టంలేక మేలుకునే ఉన్నాడు. సినిమా అతన్ని దాటేసి గబగబా ముందుకెళ్ళిపోతుంది, నేను మాత్రం రెండోసారి చూసినప్పుడు అతని దగ్గరే ఆగిపోయా.

ఆ మెసేజీల్లో కూతురు మర్ఫ్ చెప్పే మాట ఒకటుంది, ఇవాళ నా పుట్టినరోజు, నువ్వు వెళ్ళిపోయినప్పుడు నీకెంత వయసో నాకిప్పుడు అంత వయసు, మనం ఇద్దరం ఒకే వయసు వాళ్ళం అయ్యేసరికి వస్తానేమో అన్నావు కదా అని. తండ్రీ కూతురూ ఒకే వయసులో ఉండటం. దీనికి ఏ గ్రాఫిక్స్ అక్కర్లేదు, ఒక ఆడమనిషి కెమెరా వైపు చూసి చెప్తే చాలు, కాలం రెండు రకాలుగా నడవటం అంటే ఏంటో మొత్తం అందులో ఉంది.

టైమ్ మెషీన్ కథల గురించి కూడా ఒక మాట చెప్పాలి. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన దగ్గర్నుంచి మన ఆదిత్య 369 దాకా నాకిష్టమే, రాయలవారి కొలువు నుంచి 2504కి ఎగిరిపోవడం 1991లో తెలుగులో తీశారంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. కానీ వాటిల్లో కాలం మనకున్నలాంటి కాలమే, తిన్నగా ఒకే వైపు పరిచిన రోడ్డు, మనిషే దానిమీద ముందుకీ వెనక్కీ తిరుగుతాడు. నాకు ఎక్కువ నచ్చేవి రోడ్డునే మార్చేసేవి. ఒక్క రూలు మార్చు, మిగతాదంతా అలాగే ఉంచు, ఆ ఒక్క రూలు వల్ల ఇళ్ళు ఎలా కడతారో, పెళ్ళిళ్ళు ఎలా చేసుకుంటారో, పొద్దున్నే ఎవరు ఎందుకు లేస్తారో చివరిదాకా వెళ్ళి చూడు. తాతని చంపితే మనవడు ఏమౌతాడు లాంటి చిక్కుముడులు నాకు కాసేపే సరదా, ఆ తర్వాత అది లెక్కల పుస్తకం అయిపోతుంది.

ఈ పనిని అందరికంటే బాగా చేసింది నా లెక్కలో అలన్ లైట్‌మన్. ఈయన అసలు ఫిజిక్స్ మనిషి, ఐన్‌స్టీన్స్ డ్రీమ్స్ అని చిన్న నవల రాశాడు, 1905లో బెర్న్ పట్నంలో పేటెంట్ ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఐన్‌స్టీన్‌కి వచ్చే కలలు, ఒక్కో కలలో కాలం ఒక్కో రకంగా ఉంటుంది. అందులో కొండల కల నాకు చాలా ఇష్టం. భూమి మధ్య నుంచి ఎంత దూరం వెళ్తే కాలం అంత నెమ్మదిగా నడుస్తుందని కనిపెట్టారు, ఇంకేముంది, యవ్వనం మిగుల్చుకోవడానికి జనమంతా కొండలెక్కేశారు, అక్కడ కూడా పొడుగాటి కర్రలు పాతి వాటిమీద ఇళ్ళు కట్టుకున్నారు, ఎవరి ఇల్లు ఎంత ఎత్తులో ఉంటే వాళ్ళంత గొప్ప. పనిబడి కిందికి దిగాల్సి వస్తే పరుగున వెళ్ళి పరుగున వచ్చేస్తారు, కింద ఎక్కడా కూర్చోరు. కొన్నాళ్ళకి అసలు ఎందుకు ఎక్కారో మర్చిపోయారు, పైన ఉండటమే మంచిది అని పిల్లలకి నేర్పారు, చలి మంచిది, పల్చటి గాలి మంచిది అని తమకి తాము చెప్పుకున్నారు. చివరికి ఆ గాలిలాగే పల్చబడి, ఎముకలు తేలి, టైముకంటే ముందే ముసలివాళ్ళయిపోయారు.

దీన్ని మనకి తెలిసిన అపార్ట్‌మెంట్ పై అంతస్తుల మోజుతో పోల్చొచ్చు గానీ నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించిన విషయం వేరే ఉంది. నిజంగానే ఎత్తుకీ కాలానికీ సంబంధం ఉంది, కాకపోతే తిరగేసి. భూమికి దగ్గరగా ఉంటే కాలం నెమ్మది, పైకి పోయేకొద్దీ వేగం. ఐన్‌స్టీన్‌కి దీని మొదటి ఆలోచన 1907లో వచ్చింది, పూర్తి సిద్ధాంతం 1915లో. 2010లో అమెరికాలో కొలరాడోలో అణుగడియారాలతో చేసిన ప్రయోగంలో అయితే ఒక గడియారాన్ని జస్ట్ 33 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు పైకి లేపితే కాలం తేడా పట్టుకోగలిగారు. ఆ తేడా 79 ఏళ్ళ జీవితానికి సెకనులో వంద కోట్ల వంతుల్లో ఒక 90 వంతులు. చిన్నదే, కానీ ఉంది. మనం ఫోన్లో మ్యాప్ పెట్టుకుని వెళ్తున్నామంటే దానికి దారి చెప్పే జీపీఎస్ శాటిలైట్లలోని గడియారాలు మన గడియారాల కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పోతుంటే దాన్ని సరిచేసి పెట్టారు కాబట్టే, ఆ 38 మైక్రోసెకన్లలో వెలుగు 11 కిలోమీటర్ల పైనే వెళ్ళిపోతుంది, వదిలేస్తే దారి చూపించడం మాట అటుంచి మన ఊరు కూడా సరిగ్గా చూపించదు.

అంటే లైట్‌మన్ రాసిన ఆ కొండమీది జనం మన లోకంలో ఉంటే, వయసు మిగుల్చుకోవాలని ఎక్కిన ప్రతి మెట్టూ వాళ్ళని రవ్వంత ఎక్కువ ముసలివాళ్ళని చేసేది. ఇదంతా తెలిసిన ఫిజిక్స్ ప్రొఫెసర్ కావాలనే తిరగేసి రాశాడని నా నమ్మకం, ఎందుకంటే కథ చివర్లో వాళ్ళని ముసలివాళ్ళని చేసింది కాలం రూలు కాదు, వాళ్ళు ఎంచుకున్న బతుకు.

ఇప్పటిదాకా చెప్పినవి బయట కాలం పరిగెత్తి లోపల నిలబడే కథలు. దీనికి పూర్తి ఎదురు రకం ఒకటి ఉంది, బయట రెప్పపాటు, లోపల జీవితకాలం. ఇందులో యోగవాసిష్ఠంలో లవణుడి కథని మించింది నేను చదవలేదు. రాజు సభలో కూర్చుని ఉంటే ఒక ఇంద్రజాలికుడు వచ్చి నెమలిపించాల కట్ట ఇలా తిప్పుతాడు. రాజు అలా బిగుసుకుపోయి కాసేపు కదలడు. తేరుకున్నాక చెప్తాడు, గుర్రం నన్ను ఎక్కడికో అడవిలోకి లాక్కెళ్ళిపోయింది, ఆకలితో చచ్చిపోతుంటే ఒక చండాల పిల్ల తండ్రికి అన్నం తీసుకెళ్తూ కనిపించింది, నన్ను పెళ్ళి చేసుకుంటేనే పెడతానంది, చేసుకున్నాను, పిల్లలు పుట్టారు, ఏళ్ళకేళ్ళు అక్కడే బతికాను, ముసలివాణ్ణయ్యాను, తర్వాత పెద్ద కరువొచ్చింది, చిన్నకొడుకు ఆకలికి తట్టుకోలేక మాంసం పెట్టమని ఏడుస్తుంటే నా ఒంటి మాంసమే తిను అని చితి పేర్చుకుని అందులోకి దిగాను, అప్పుడు మెలకువ వచ్చింది అని. సభలో వాళ్ళకి మాత్రం కాసేపే.

వేరే ఎవరైనా అయితే కథని ఇక్కడ ఆపేసేవాళ్ళు, అంతా మాయ అని. ఇక్కడ ఆగదు. మర్నాడు రాజు పరివారాన్ని తీసుకుని ఆ అడవిని వెతుక్కుంటూ వింధ్య వైపు వెళ్తాడు, ఆ ఊరు నిజంగానే ఉంది. అవే చెట్లు, అవే గుడిసెలు, కరువుకి ఎండిపోయి. అక్కడ ఒక ముసలామె కూర్చుని ఏడుస్తోంది, నా కూతురు పోయింది, మనవలు పోయారు, ఎక్కడినుంచో వచ్చి నా బిడ్డని చేసుకున్న రాజులాంటి అల్లుడు పోయాడు అని. అల్లుడు ఎదురుగా నిలబడి వింటున్నాడు. అత్తగారికి అతను ఎవరో తెలీదు. ఆమెని ఓదార్చి, కావాల్సినవి ఇచ్చి వెనక్కి వచ్చేస్తాడు. సభలో అంతమంది కళ్ళముందు జరగని ఒక జీవితానికి సాక్షి ఎవరయ్యా అంటే ఆ ఏడ్చే మనిషి. ఎవరో ఒకరు అక్కడ ఉండిపోయారు కాబట్టే అది కల కాకుండా పోయింది.

అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1943లో ఒక కథలో ఇదే లోపల ఎక్కువ కాలం ఉండే రూలు పెట్టుకుని దీనికి ఇంకో చివరకి వెళ్ళాడు. 1939, ప్రాగ్, హ్లాదిక్ అనే రచయితని నాజీలు గోడకి నిలబెట్టి కాల్చబోతున్నారు, సగంలో ఆగిపోయిన నాటకం పూర్తి చేసుకోవడానికి ఒక్క ఏడాది ఇవ్వు దేవుడా అని ముందురోజు రాత్రి అడిగాడు. సార్జెంట్ ఆర్డర్ ఇచ్చాడు, లోకం ఆగిపోయింది. చెంపమీద వాన చుక్క అలాగే ఉంది, నేలమీద తేనెటీగ నీడ కదలట్లేదు, తాను పారేసిన సిగరెట్ పొగ గాల్లో అలాగే నిలబడింది. వేలు కదపలేడు, కాగితం లేదు, తలలోనే రాసుకుని తలలోనే కొట్టేసుకుని ఏడాదిపాటు నాటకం పూర్తి చేశాడు, చివరి మాట దొరికిన క్షణం చెంపమీద చుక్క జారింది, తుపాకులు పేలాయి. ఆ నాటకం ఎవరూ చదవలేదు, ఎప్పటికీ చదవరు. అది చదివి కాసేపు పుస్తకం పక్కన పెట్టేశా. లవణుడికి కనీసం అత్తగారు ఉంది, ఇతనికి ఎవరూ లేరు, ఆ ఏడాది ఉన్నట్టు తెలిసిన మనిషి అతనొక్కడే, అయినా ఆ పని అంత శ్రద్ధగా చేశాడు. కాలం దొరికితే ఏం చేస్తావు అనే ప్రశ్నకి ఇంత గట్టి జవాబు నాకు ఇంకెక్కడా కనపడలేదు.

కాలం దాచుకోవడం మీద జర్మన్ రచయిత మిహాయెల్ ఎండె పిల్లల కోసం 1973లో రాసిన మోమో అనే నవల కూడా ఉంది. బూడిదరంగు మనుషులు వచ్చి మంగలి ఫూసీకి నీ సెకన్లన్నీ ఎలా వృథా అవుతున్నాయో లెక్క కట్టి చూపిస్తారు, ముసలి తల్లితో కబుర్లు ఇన్ని సెకన్లు, కదల్లేని ఒకామెకి రోజూ పువ్వు తీసుకెళ్ళి ఇచ్చిరావడం ఇన్ని సెకన్లు. పాపం ఫూసీ అన్నీ మానేస్తాడు, మిగిలిన టైము మాత్రం వాళ్ళు పట్టుకుపోతారు. పువ్వు కోసం రోజూ చూసే ఆమె దగ్గరికి కథ మళ్ళీ వెళ్తే బాగుండు అనుకున్నా నేను.

ఇలా చదివి చదివి నాకూ ఒక లోకం ఊహించుకోవాలనిపించింది. రూలు ఒక్కటే, ఎదురుచూస్తున్నంత సేపు వయసు పెరగదు. మిగతాదంతా మన లోకమే, మన ఊళ్ళే.

ముందు తేలికైన వాటితో మొదలుపెట్టా. తిరుమలలో 300 రూపాయల టికెట్ ఎవరూ కొనరు, డబ్బున్నవాళ్ళంతా సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో కూర్చోవడానికి రికమండేషన్ లెటర్లు పట్టుకొస్తారు, ఎంత ఆలస్యమైతే అంత మంచిది. ఆర్టీసీ బస్టాండ్లో బస్సు లేటు అని మైకులో చెప్తే జనం సంతోషపడతారు. అమెరికాలో గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న మనవాళ్ళందరూ ముప్ఫైల్లోనే ఆగిపోయి, పిల్లలు ఎదిగి వాళ్ళని దాటిపోతుంటారు. విచారణ తేలక జైల్లో ఉన్న ఖైదీ వయసు పెరగదు కాబట్టి నీకేం నష్టం అని జడ్జీలు వాయిదా మీద వాయిదా వేస్తారు, బయట అతని భార్య మాత్రం కూలికి వెళ్తూ ఇల్లు నడుపుకుంటూ ఎదురుచూడ్డానికి కూడా తీరిక లేక ముసలిదైపోతుంది. ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి ఈ రూలు అనుకున్నంత దయగలది కాదని అర్థమైంది.

ఎదురుచూడ్డం నిజంగా ఎదురుచూడ్డమే అవ్వాలి, ఊరికే కుర్చీలో కూర్చుంటే కుదరదు. ఫోన్ చూస్తూ కూర్చున్నవాడి వయసు పెరిగిపోతుంది. అందుకని ఈ లోకంలో అబద్ధం చెప్పలేరు. కొడుకు డాలస్‌లో ఉంటాడు, తల్లి తెనాలిలో. అతను వెళ్ళిన రోజు ఆవిడకి ఎంత వయసో ఇప్పుడూ అంతే, అతనికి మాత్రం ఉద్యోగాలు, లోన్లు, పిల్లల చదువులు, ఎదురుచూడాల్సిన పని లేదు, అతని జుట్టు పల్చబడింది. ఒకరోజు వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకే ఈడు వాళ్ళలా ఉంటారు. ఆ తర్వాత అతనే పెద్దవాడు. అయినా ఆవిడ అన్నం తిన్నావా నాన్నా అనే అంటుంది. ఇంకో ఏడు అలాగే కాల్ చేసినప్పుడు ఆవిడ పాపిట దగ్గర ఒక తెల్లవెంట్రుక కనిపిస్తుంది, ఈ లోకంలో దాని అర్థం ఏంటో అతనికి తెలుసు. అమ్మా ఒంట్లో బాగానే ఉందా అని అడగలేడు. ఆవిడ కూడా ఏం చెప్పదు, పక్కింటి వాళ్ళ పిల్లకి సంగీతం నేర్పుతున్నా, మధ్యాహ్నాలు బాగా గడుస్తున్నాయి అంటుంది మామూలుగా. నాకు ఆవిడ మీద బాధ కలగలేదు ఇక్కడ, హమ్మయ్య అనిపించింది. కొడుకు మీద కలిగింది.

ఇంకా తేలని సంగతి ఒకటుంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు నిజంగా ఎదురుచూస్తే ఏంటి? ఇద్దరికీ వయసు పెరగదు, కలిసిన రోజు నుంచి ఇద్దరికీ పెరగడం మొదలవుతుంది. అలాంటప్పుడు ముందు టికెట్ ఎవరు కొంటారు అని ఆలోచించా. కొడుకు వచ్చే సంక్రాంతికి చూద్దాం, వీసా స్టాంపింగ్ ఉంది, ఇప్పుడు కదిలితే కష్టం అంటాడు, అతని వైపు నుంచి అది అబద్ధం కూడా కాదు. తల్లి అయితే ఆ ఫోన్ పెట్టేసి, బీరువాలో పాస్‌పోర్ట్ తీసి డేట్ ఎప్పటిదాకా ఉందో చూసుకుని, రెన్యువల్‌కి స్లాట్ బుక్ చేయమని సంగీతం నేర్చుకునే ఆ పిల్లకే చెప్తుంది.